బోన్ ఒదోరిలో తైకో ఉండాలా, ఇయర్‌ఫోన్లు చాలా?

నగోయా కోడలు:
మా పేట సంఘం అట్ట ఈ వారం మా ఇంటికొచ్చింది. జపాన్‌లో ఉన్నవాళ్ళకి తెలిసిందే, నోటీసు క్లిప్పుకి పెట్టి ఇంటింటికీ తిప్పుతారు. ఆగస్టులో పితృదేవతల పండగకి అందరూ గుండ్రంగా తిరుగుతూ ఆడే బోన్ ఒదోరికి ఈసారి యగురా మంచె మీద తైకో డోలు, మైకు ఉండవట. పాట ఎఫ్ఎం రేడియోలో వస్తుంది, ఎవరి ఇయర్‌ఫోన్లు వాళ్ళే తెచ్చుకోవాలి. చుట్టుపక్కల నుంచి చప్పుడు మీద ఫిర్యాదులు వచ్చాయట. మా ఐచిలోనే తోకాయ్ ఊళ్ళో ఒక పేట ఇలాగే ఆడింది. అభిప్రాయం రాయమని కింద ఖాళీ వదిలారు. మీరైతే ఏం రాస్తారు?

రాత్రి డ్యూటీ:
సరే అని రాయండి. మా ఊళ్ళో ఈ ఆట జరిగే గుడి మైదానానికీ మా ఇంటికీ మధ్య ఒక్క గోడే అడ్డం. మా ఆయనకి నైట్ షిఫ్ట్, పాపకి ఏడో నెల. పోయిన ఏడాది పండగ రెండు రోజులూ స్పీకర్ హోరుకి పాప ఉలిక్కిపడి లేస్తూనే ఉంది. ఫోన్ చేసి అడగాలంటే కొత్తగా వచ్చినవాళ్ళం, భయం. ఇయర్‌ఫోన్లతోనైనా పండగ నిలిస్తే మంచిదే కదా? ఫిర్యాదులు పెరిగితే మొత్తానికే ఆపేస్తారు.

కరీంనగర్ బిడ్డ:
అక్కా, మీ కష్టం కాదనను. కానీ బతుకమ్మ చుట్టూ ఆడవాళ్ళు ఎవరి ఇయర్‌ఫోన్లు వాళ్ళు పెట్టుకుని చప్పట్లు కొడితే ఎట్లుంటుందో ఒక్కసారి ఊహించండి. ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకోవాలి, అదే కదా ఆట!

గిఫులోని గుజో హచిమాన్ అనే ఊళ్ళో బోన్ ఒదోరి నేను కళ్ళారా చూశాను. ఆగస్టు 13 నుంచి 16 దాకా నాలుగు రాత్రులు తెల్లవార్లూ ఆడతారు. వీధి నడుమ మండపంలాంటి బండి, దాని మీద పాటగాళ్ళు, షామిసెన్ అనే మూడు తీగల వాయిద్యం, వేణువు, తైకో. పాటగాడు చరణం ఆపగానే కింద తిరుగుతున్న జనం కేక అందుకుంటారు. వాళ్ళ చెక్క చెప్పులు, గెతా అంటారు, రోడ్డుకి టకటకా తగులుతుంటే అదీ ఒక వాయిద్యమే. చివరి పాటకి తైకో, షామిసెన్ ఆగిపోతాయి, చెక్కముక్కల తాళం ఒక్కటే మిగులుతుంది. అప్పుడు నా ఒళ్ళు జలదరించింది. 2022లో యునెస్కో గుర్తించిన ఫూర్యూ అనే 41 జానపద నాట్యాల్లో ఇదీ ఉంది. ఇయర్‌ఫోన్లలో పాట వస్తుంది గానీ, పాడేవాడు మన అడుగు చూసి వేగం పెంచడు కదా.

రాత్రి డ్యూటీ:
తమ్ముడూ, గుజోలో ఆ పండగ ఊరందరిదీ, దాని కోసమే జనం వస్తారు. మాది అపార్ట్‌మెంట్ల పేట. నన్ను ఇబ్బంది పెట్టింది తైకో కాదు, స్తంభానికి కట్టిన స్పీకర్లు. రాత్రి తొమ్మిది దాకా అదే రికార్డు తిప్పి తిప్పి వేశారు.

నగోయా కోడలు:
మీరు ఈ మాట అనడం మంచిదైంది. మా పక్కింటి అబ్బాయి ఆరో క్లాసు. యగురా ఎక్కి వాయించాలని రెండు నెలలుగా సాయంత్రాలు పాత టైరు మీద కర్రలతో సాధన చేస్తున్నాడు, అరచేతులు బొబ్బలెక్కాయి. రేడియో పెడితే వాడికి అక్కడ పనే లేదు.

నిన్న మా పేట మైదానం వెనక ఇంట్లో ఉన్న బాలింతని కలిసి, పాప ఎన్నింటికి పడుకుంటుందని అడిగాను. ఏడున్నరకట. అట్టలో ఇలా రాశాను: స్పీకర్లు వద్దు, తైకో ఉంచండి, ఐదింటికి మొదలుపెట్టి ఏడుంబావుకి ముగించండి. ఆ అమ్మాయీ నా కింద సంతకం పెట్టింది. అట్ట ఇప్పుడు తైకో అబ్బాయి వాళ్ళింట్లో ఉంది.