గ్రామ పంచాయితీని పట్టణ పంచాయితీ చేస్తే ఊరికి లాభమా, నష్టమా?

చెరువుగట్టు:
బెంగళూరు పక్కన ఆనేకల్, హొసకోటె వైపు లేఅవుట్లతో నిండిపోయిన పంచాయితీలన్నిటా ఇదే తగువు. కొత్త ఇళ్లవాళ్లు పట్టణ పంచాయితీ కావాలంటారు, పాత ఊరు వద్దంటుంది. ముందు షరతులు చూద్దాం. కర్ణాటక మునిసిపాలిటీల చట్టం (1964) ప్రకారం జనాభా 10 వేల నుంచి 20 వేల లోపు ఉండాలి. చదరపు కిలోమీటరుకు 400 మందికి తగ్గకూడదు. ఉపాధిలో కనీసం సగం సేద్యం కానిదై ఉండాలి. 20 వేలు దాటితే పురసభ (చిన్న మునిసిపాలిటీ).

నేను చేయాలనే వైపు. 14 వేల జనం ఉన్న ఊరిని ఒక పీడీఓ (పంచాయితీ అభివృద్ధి అధికారి), ఒక బిల్ కలెక్టరు, నీళ్లు వదిలే ఇద్దరు ముగ్గురు నీరుగంట్లు మోయలేరు. పట్టణ పంచాయితీ అయితే చీఫ్ ఆఫీసరు, ఇంజనీరు, హెల్త్ ఇన్‌స్పెక్టరు పోస్టులు వస్తాయి. పౌరకార్మికులు (పారిశుధ్య కార్మికులు) 700 మందికి ఒకరు అనే లెక్కన 20 మంది రావాలి.

ఫారం_పదకొండు:
పోస్టు మంజూరవడం వేరు, మనిషి రావడం వేరు. అది అలా ఉంచండి, ఖాతాల (ఆస్తి రికార్డుల) సంగతి ఎవరూ ఎత్తరేం? ఇప్పుడు ఈ-స్వత్తులో (పంచాయితీ ఆస్తుల ఆన్‌లైన్ రికార్డు) గ్రామఠాణా (పాత ఊరి నివాస స్థలం) ఇళ్లకు, సేద్యపు భూమి నుంచి కన్వర్షన్ అయి ప్లాను ఆమోదం ఉన్న సైట్లకు ఫారం 9, 11ఏ ఇస్తారు. మిగతావాటికి 11బి. ఊరి హోదా మారితే ఇవన్నీ పట్టణాల ఆన్‌లైన్ రికార్డు అయిన ఈ-ఆస్తిలోకి ఎక్కాలి, ఆస్తి నంబరు మారుతుంది. 11బి ఉన్నవాళ్లు అక్కడికెళ్తే 'ఎ-ఖాతా' (సక్రమమైన ఆస్తికిచ్చే ఖాతా) వస్తుందనుకుంటున్నారేమో గానీ, రెవెన్యూ సైటు (కన్వర్షన్ లేని సేద్యపు భూమిలో వేసిన సైటు) ఊరి హోదా మారినంత మాత్రాన సక్రమం కాదు.

కొలతల గొడవ ఇంకొకటి. సేల్ డీడు అడుగుల్లో, ఈ-స్వత్తు మీటర్లలో. 30×40 సైటంటే 9.14×12.19 మీటర్లు. డేటా ఎక్కించేటప్పుడు 9×12 అని రౌండ్ చేస్తే 108 చదరపు మీటర్లు, అంటే 1162.5 చదరపు అడుగులు. కాగితం మీద 37.5 చదరపు అడుగులు మాయం. ఈ తప్పుతోనే కొత్త రికార్డులోకి పోతే బ్యాంకు లోను దగ్గర ఫైలు ఆగుతుంది. దిద్దించుకోవాలంటే పాత పుస్తకాలు పంచాయితీ బీరువాలో ఉండగానే దిద్దించుకోవాలి.

బోరుమోటారు:
ఖాతాలు సరే, నీళ్లు ఎక్కడివి? పల్లెకు జల్ జీవన్ మిషన్ లెక్క మనిషికి రోజుకు 55 లీటర్లు. పట్టణానికి 135 అని గొప్పగా చెబుతారు కానీ అది భూగర్భ డ్రైనేజీ ఉన్న ఊళ్లకు, లేనివాటికి 70 మాత్రమే. 14 వేల మందికి 55 చొప్పున 7.7 లక్షల లీటర్లు కావాలి. గంటకు 5 వేల లీటర్లిచ్చే బోరును రోజుకు 8 గంటలు తోడితే 40 వేలు, కాబట్టి ఇరవై బోర్లు. 135 చొప్పున ఇవ్వాలంటే 18.9 లక్షలు, నలభై ఎనిమిది బోర్లు. అన్ని బోర్లు వేస్తే పక్కపక్కవి ఒకదాని నీళ్లు ఒకటి లాగేసుకుంటాయి. పైగా వాడిన నీళ్లలో 80 శాతం మురుగై తిరిగొస్తుంది, అంటే రోజుకు 15 లక్షల లీటర్లు. శుద్ధి కేంద్రం లేకుండా పైపులు మాత్రం వేస్తే ఆ మురుగంతా రాజకాలువలో (వాననీటి పెద్ద కాలువలో) పడి చెరువుకే చేరుతుంది.

చెరువుగట్టు:
లెక్క కాదనను. కానీ పంచాయితీగా మిగిలితే ఆ మురుగు రాకుండా పోతుందా? ఇప్పుడు సోక్‌పిట్‌లోకి (ఇంకుడు గుంతలోకి) పోయి, అదే బోరులోంచి పైకి వస్తోంది.

బోరుమోటారు:
అదీ నిజమే.

మండల్_కాలం:
నాకు నీళ్లకన్నా ఓటు ముఖ్యం. శానుభోగు (కరణం), పటేలు (మునసబు) వంశపారంపర్య పదవులు 1963లో పోయాయి. అబ్దుల్ నజీర్ సాబ్ మంత్రిగా ఉన్నప్పుడు తెచ్చిన 1983 చట్టంతో మండల్ పంచాయితీలు వచ్చాయి, 1987లో వాటికి ఎన్నికలు జరిగాయి. 1993 చట్టం గ్రామ పంచాయితీలను నిలబెట్టింది, 400 మందికి ఒక సభ్యుడు, పార్టీ గుర్తు లేని ఎన్నిక. గ్రామసభలో ఇల్లు ఎవరికి మంజూరైందో మొహాన అడగొచ్చు.

పట్టణ పంచాయితీలో ఆ సభ ఉండదు. రాజ్యాంగం 243ఎస్ ప్రకారం వార్డు కమిటీ తప్పనిసరి అయ్యేది 3 లక్షల జనాభా ఉన్నచోటే. పార్టీ గుర్తులు దిగుతాయి, ఎమ్మెల్యే, ఎంపీ కౌన్సిల్లో ఓటు వేస్తారు. కూలికి పోయేవాళ్లకు ఉపాధి హామీ పని ఆగిపోతుంది.

ఎన్నికలైనా వేళకు జరుగుతాయన్న భరోసా లేదు. 2007లో ఏడు నగరసభలు, కెంగేరి పురసభ, 110 పల్లెలు బెంగళూరులో కలిపి బీబీఎంపీ (బృహత్ బెంగళూరు మహానగర పాలికె) చేశారు. ఎన్నిక 2010లో గానీ జరగలేదు. ఆ పల్లెల కోసం తలపెట్టిన కావేరి తాగునీటి పథకం అయిదో దశ (రోజుకు 77.5 కోట్ల లీటర్లు) 2024 అక్టోబరులో మొదలైంది. పదిహేడేళ్లు! 2015లో ఎన్నికైన పాలికె గడువు 2020 సెప్టెంబరులో ముగిస్తే ఆ తర్వాత అడ్మినిస్ట్రేటర్ల పాలనే నడిచింది.

ఫారం_పదకొండు:
అది మహానగరంలో కలిసిపోయిన కథ. ఇక్కడి ప్రశ్న ఊరు తనంతట తాను పట్టణమవడం గురించి. రెండూ ఒకే గాటన కట్టకండి.

మండల్_కాలం:
ఒప్పుకుంటాను. కానీ హద్దుల పక్కన పట్టణమైన ఊరిని మింగడం పల్లెను మింగడం కన్నా తేలిక.

చెరువుగట్టు:
పన్ను మాట కూడా అనుకుందాం. మునిసిపల్ పన్ను ఏటా 3 నుంచి 5 శాతం పెరుగుతుంది. ఏప్రిల్లో కడితే 5 శాతం తగ్గింపు. లైబ్రరీ సెస్సు 6, బెగ్గరీ సెస్సు (బిచ్చగాళ్ల పునరావాసం కోసం) 3 శాతం అదనం. లేఅవుట్ ఆమోదం మాత్రం ఇప్పుడూ అప్పుడూ ప్లానింగ్ అథారిటీదే, అందులో మార్పు ఆశించకండి.

వద్దనుకునేవాళ్లు డ్రాఫ్ట్ నోటిఫికేషన్ గెజెట్‌లో పడ్డాక 30 రోజుల్లో డీసీ (జిల్లా కలెక్టరు) ఆఫీసుకు అభ్యంతరం రాసివ్వాలి. "మాకు ఇష్టం లేదు" అని వంద సంతకాలు పెడితే పక్కన పడేస్తారు. సర్వే నంబర్లతో రాయండి: ఫలానా భూమి ఇంకా రాగి, మల్బరీ సాగులో ఉంది, సేద్యం కాని ఉపాధి సగం దాటలేదు అని. పహణీ నకళ్లు జతచేసి, రసీదు మీద ముద్ర వేయించుకోండి.

ఫారం_పదకొండు:
కావాలనుకునేవాళ్లూ అదే 30 రోజుల్లో 9×12 సంగతి చూసుకోండి.