శనివారం సంక్రాంతి, పిల్లల ఆర్ట్ టేబుల్స్: మిగిలిన పనులు

చిన్నక్క (బుధవారం రాత్రి 9:10)
శనివారానికి మధ్యలో రెండు రోజులే ఉన్నాయి. మొత్తం 61 మంది పిల్లలు: కిండర్, ఒకటో తరగతి కలిపి 22, రెండు మూడు తరగతులు 23, నాలుగు ఐదు తరగతులు 16. ఇంకా కావలసినవి: మాస్కులు చేసే కొబ్బరి చిప్పలకు తెల్ల పూత, ఎరుపు రంగు రెండు డబ్బాలు, ముగ్గుకు బియ్యప్పిండి 5 కిలోలు, నేల మీద పరిచే పట్టలు, ఏప్రాన్లు, పాత గుడ్డలు. ఎవరు ఏది తెస్తున్నారో రేపు మధ్యాహ్నంలోగా రాయండి.

ఖజానా (9:42)
అక్కా, ఆ లిస్టు కాస్త ఆపండి. స్కూల్ నుంచి ఇప్పుడే మెయిల్ వచ్చింది. తడి రంగులు, గమ్, పిండి, ఏ రకం పొడీ లోపలికి తేకూడదట. బయట సిమెంట్ బాట మీద కూడా వద్దట. ఈ మధ్య ఎవరో అద్దెకు తీసుకుని జిమ్ చెక్క నేల మీద రంగు ఒలకబోశారట. మాట తప్పితే 500 డాలర్ల డిపాజిట్ పోతుంది, ఉగాదికి హాలు కూడా ఇవ్వరు.

వరంగల్ అన్న (9:50)
మూడు నెలల నుంచి గుడిలో కొట్టిన కొబ్బరి చిప్పలు తెచ్చి, పీచు గీకి, కడిగి ఆరబెట్టాను. 48 ఉన్నాయి. చింతగింజలు నానబెట్టి రుబ్బి, రంపపు పొట్టు కలిపి మక్కు కూడా తయారు చేశాను. చెరియాల్‌లో మాస్కులకు ముక్కు, చెవులు దానితోనే పెడతారు. పట్టలు రెండు పొరలు వేద్దాం. ఒక్క చుక్క కింద పడితే నేనే తుడుస్తా.

ఖజానా (9:58)
అన్నా, రాసి ఇచ్చారు. సంతకం నాది. పట్టలు వేసినా కుదరదు.

బెజవాడ చెల్లి (10:05)
అన్నా, చిప్పల పని రెండో తరగతి వాళ్లకు మొదటి నుంచీ ఎక్కువే. పూత ఆరడానికే గంట కావాలి, మనకున్నది 50 నిమిషాలు. నవంబర్‌లోనే చెప్పాను.

వరంగల్ అన్న (10:09)
చెప్పావు. ఒక్క చిప్పైనా గీకావా?

బెజవాడ చెల్లి (10:11)
నిరుడు రంగుల టేబుల్ దగ్గర మూడు గంటలు ఒక్కదాన్నే నిలబడ్డాను. అప్పుడు ఎవరూ రాలేదు. ఆ మాట నేను ఎక్కడా అనలేదు.

ఖజానా (10:20)
గొడవెందుకు, రంగులేసే ప్రింట్ కాగితాలు ఇచ్చేద్దాం. క్రేయాన్లకు అభ్యంతరం లేదు.

చిన్నక్క (10:26)
వద్దు. గీసి ఉన్న బొమ్మలో రంగు నింపడం వాళ్లు రోజూ స్కూల్లో చేస్తూనే ఉంటారు. సంవత్సరంలో ఒక్కసారి వస్తారు, మనదైనది ఒకటి వాళ్ల చేతులతో చేసి ఇంటికి తీసుకెళ్లాలి.

పిన్ని (10:50)
అందరూ పడుకోండి. ఈ వేళప్పుడు రాసిన మాటలు పొద్దున మనకే నచ్చవు.

మాస్టారు (గురువారం ఉదయం 5:50)
రాత్రంతా ఇదే ఆలోచన. తోలుబొమ్మలు చేద్దామా? మా ధర్మవరం దగ్గరే నిమ్మలకుంట. 2020లో పద్మశ్రీ ప్రకటించిన దళవాయి చలపతిరావు గారిది ఆ ఊరే. అక్కడ మేకతోలును వెలుతురు ఆవలికి కనపడేంత పలచగా చేసి రంగు వేస్తారు. అందుకే మన బొమ్మల నీడ నల్లగా ఉండదు, రంగుల్లో పడుతుంది. నగలు ఉన్నచోట ఉలితో రంధ్రాలు కొడతారు, దీపం వెలుగు వాటిలోంచి వచ్చి మెరుస్తుంది. మనకు తోలు బదులు కాగితం, దీపం బదులు బల్బు. తడీ లేదు, పొడీ లేదు. రాముడు, రావణుడు పెద్దపిల్లలకు. రెండు మూడు తరగతులకు జుట్టుపోలిగాడు, బంగారక్క. ఆ ఇద్దరూ తెర మీదికి వస్తే నవ్వని పిల్లాడు ఉండడు.

బెజవాడ చెల్లి (గురువారం రాత్రి 8:15)
మాస్టారూ, ఇంట్లో చేసి చూశాను. బేకింగ్ పేపర్ మీద మార్కర్ నిలవలేదు, వేలు తగిలితే చెరిగిపోయింది. తెల్ల కాగితం మీద రంగు పైకి బాగుంది కానీ నీడ మురికిగా పడింది. ట్రేసింగ్ కాగితం మీద బాగా కుదిరింది. చేతులు విడిగా కత్తిరించి, గుండీలు కుట్టే దారంతో భుజం దగ్గర ముడి వేస్తే చక్కగా ఊగుతున్నాయి. ముడి బిగించకూడదు, బిగిస్తే చెయ్యి కదలదు. నగలకు పంచింగ్ మెషిన్ చాలు. ఇంకొకటి, బొమ్మను తెరకు ఆనించి పట్టుకోవాలి. జానెడు వెనక్కి తీస్తే నీడ పెద్దదవుతుంది కానీ మసకబారుతుంది. మా వాడు అరగంట దానితోనే ఆడాడు.

పిన్ని (8:31)
మరి కిండర్ వాళ్లు? వాళ్లకు కత్తెరలు ఇవ్వలేం. పిండి లేకపోయినా ముగ్గు ముగ్గే. నల్ల చార్టు మీద గుండ్రటి స్టిక్కర్లే చుక్కలు, తెల్ల క్రేయాన్‌తో కలపడం. 5 చుక్కలు, 3 వచ్చే వరకు, సందు చుక్క. అంటే 3, 4, 5, 4, 3, మొత్తం 19. 22 మందికి 418 స్టిక్కర్లు, 500 తీసుకుంటా. మార్కర్లు మాత్రం పట్టు లంగాల దగ్గరికి రానివ్వకండి, ఆ మరక పోదు. పాత చొక్కా ఒకటి వెంట తెమ్మని తల్లులకు మెసేజ్ పెట్టండి.

ఖజానా (8:40)
మార్కర్ల సంగతి ముందే అడిగాను. టేబుళ్ల మీద కాగితం పరిస్తే సరేనన్నారు. రంగు డబ్బాలు తిరిగి ఇచ్చేశాను, 64 డాలర్లు వెనక్కి వచ్చాయి. ట్రేసింగ్ కాగితం నేను కొంటా.

వరంగల్ అన్న (9:25)
తెరకు చట్రం నేను కడతా. గ్యారేజీలో ప్లాస్టిక్ పైపులు ఉన్నాయి, ఆరడుగుల వెడల్పు వస్తుంది. బొమ్మలకు పుల్లలు కావాలి కదా, మన రెస్టారెంట్ ఆయన చాప్‌స్టిక్స్ 100 జతలు ఇస్తానన్నాడు. మొన కోసుగా ఉండదు, చిన్నపిల్లలకు అదే మంచిది. చెల్లీ, రాత్రి అన్న మాట తప్పే. నిరుడు నేను వంటల దగ్గర ఇరుక్కుపోయాను, రావాల్సింది.

బెజవాడ చెల్లి (9:33)
నేనూ మెల్లగా చెప్పాల్సింది అన్నా. చిప్పలు పారేయకండి. ఆదివారం పొద్దున మీ గ్యారేజీకి నాలుగు ఐదు తరగతుల వాళ్లను తెస్తాను, 16 మందే కదా. అక్కడ ఎంత ఒలికినా మనదే, పూత ఆరే వరకు ఆగొచ్చు.

వరంగల్ అన్న (9:36)
పదింటికి తీసుకురా. మక్కు ఫ్రిజ్‌లో పెట్టాను, అప్పటిదాకా పాడవదు. ఎరుపు రంగు మాత్రం మళ్లీ కావాలి, ఒక డబ్బా చాలు.

ఖజానా (9:37)
తెస్తా.

చిన్నక్క (శుక్రవారం రాత్రి 10:48)
చట్రం వచ్చింది, బల్బు వచ్చింది, కాగితం వచ్చింది. తెరకు గుడ్డ సంగతి ఎవరూ అనుకోలేదు! ఆరడుగుల తెల్ల దుప్పటి, పలచటిది, ఎవరి దగ్గరైనా ఉందా? షాపులు మూసేశారు.

పిన్ని (10:55)
మా ఇంట్లో ఉంది. అంచుకు గులాబీ పువ్వులు ఉన్నాయి, వెనక్కి మడిచి ఇప్పుడే కుట్టేస్తా. ఇస్త్రీ చేసి ఉంచుతాను, పొద్దున ఏడింటికి ఎవరైనా వచ్చి తీసుకెళ్లండి.