గడియ తీసేసే గుర్రాన్ని ఆపేదెలా?

మా ఎనిమిదేళ్ల ఆడ గుర్రాన్ని పెళ్లి ఊరేగింపులకు పంపుతుంటాం. నెల రోజులుగా రాత్రిపూట పెదాలతో కొట్టం గడియ జరిపి, నేరుగా ఉలవల బస్తా దగ్గరికి పోతోంది. తాడు కడితే పళ్లతో ముడి విప్పేసింది. నవ్వొస్తుంది గానీ, దాణా ఒక్కసారే ఎక్కువ తింటే గుర్రానికి కడుపునొప్పి, గిట్టల్లో వాపు రావచ్చు. అదే టెన్షన్. బస్తాలు ఇంట్లోకి మార్చేశాను.

జీను పట్టీ బిగించేటప్పుడు పొట్ట ఉబ్బించడం దీని ఇంకో వేషం. నాలుగడుగులు నడిపించి మళ్లీ బిగిస్తున్నాను కాబట్టి అక్కడ దీని పప్పులు ఉడకట్లేదు. గడియ దగ్గరే ఓడిపోతున్నాను. తాళం వేద్దామంటే, నిప్పంటుకుంటే వెంటనే తీయలేమని భయం.

తలుపు కింద, దాని మూతికి అందని చోట, రెండో గడియ పెడితే ఆగుతుందా? ఇలాంటి దొంగను పెంచినవాళ్లు చెప్పండి.