తులదూగునా, సరితూగునా? కిటికీ బరువు దగ్గర తెగని సందేహం

న్యూజెర్సీ నుంచి:
సభ్యులకు నమస్కారం. మా ఇంట్లో నిలువుగా జరిగే కిటికీల్లో అద్దం బిగించి ఉండే కదిలే పలకలు, అంటే సాష్‌లు లేపినచోట నిలవకుండా జారిపోతున్నందున, చట్రం పక్కల్లో దాగి వాటి బరువు మోసే బ్యాలెన్స్‌లను మార్చవలసి వచ్చింది. ఇదే పనిలో ఉన్న ఇక్కడి తెలుగువారి కోసం, సరైన జతను ఎంచుకునే తీరును తెలుగులో రాస్తున్నాను. పాత జత ఏ రకానిదో గుర్తించి, పొడవు కొలిచి, సాష్‌ను ఊడదీసి అద్దంతో సహా తూచి, ఆ మొత్తాన్ని రెండు వైపులవీ కలిసి మోసేలా కొత్తవి తీసుకుంటే ‘సాష్ తులదూగుతుంది’ అని ఒక వాక్యం రాశాను. రాసిన వెంటనే, బడిలో వల్లెవేసిన ఒక ఆటవెలదిలో మూడో పాదం ఈ మాటతోనే ముగిసినట్టు మనసుకు తోచింది కానీ, ముందున్న మాటలేవీ అందడం లేదు. అది ‘తులదూగు’నా, ‘సరితూగు’నా?

రాజమహేంద్రవరం నుంచి:
ఛందస్సు ఇక్కడ తీర్పు చెప్పదు. రెండూ సలమే (రెండు లఘువులు, ఒక గురువు, ఒక లఘువు) కనుక, ఆటవెలది బేసి పాదం చివర ఇంద్రగణంగా ఏదైనా ఒదుగుతుంది. అసలు చిక్కు ‘ల’ దగ్గర ఉంది. ‘తుల’ (త్రాసు) ప్రథమా విభక్తి అయితే గసడదవాదేశం (క చ ట త ప లు గ స డ ద వ లుగా మారడం) వల్ల ‘తులదూఁగు’ అవుతుంది; ఆ విధి బహుళం, అంటే అన్నిచోట్లా తప్పనిసరి కాదు కనుక ‘తులతూఁగు’ కూడా నిలుస్తుంది. ‘తులన్’ అని ద్రుతాంతం (చివర నకారం ఉన్న రూపం) తీసుకుంటే ‘తులఁదూఁగు’ అని రెండు అరసున్నలు రావాలి. మొదటిదానిలో తూగేది తులే; రెండోదానిలో తులలో ఉన్న వస్తువు. మీ సాష్ వస్తువు కనుక మీకు కావలసింది రెండోది.

బెంగళూరు నుంచి:
మాస్టారు సంధి దగ్గర ఆగారు గానీ, ధాతువు ఇంకా ఎక్కువ చెబుతుంది. కన్నడంలో ‘తూగు’ అంటే తూచడమూ, ఉయ్యాల ఊపడమూ. తమిళంలో ‘తూంగు’ అంటే వేలాడడమూ, నిద్రపోవడమూ. మన తూఁగులోని అరసున్న ఆ తమిళ అనునాసికానికి మిగిలిన గుర్తే. వేలాడడం మూలార్థం, తూకం దాని నుంచి పుట్టింది. అందువల్ల ‘అష్టైశ్వర్యాలతో తులతూగు’ అన్న దీవెనలో నాకు వినిపించేది త్రాసు కాదు, తూగుటుయ్యాల.

లండన్ నుంచి:
వేలాడడమే మూలమైతే మా పాత ఇళ్ల కిటికీలు ఆ అర్థానికి సాక్ష్యం. చట్రం పక్కనున్న చెక్క పెట్టెలో పోత ఇనుప గుండ్లు వేలాడుతుంటాయి. వాటి తాడు గిలక మీదుగా వచ్చి సాష్ పక్కన బిగుస్తుంది. ఇక్కడి వడ్రంగుల లెక్క ప్రకారం పై సాష్‌కు కట్టే రెండు గుండ్లూ కలిపి సాష్ బరువు కన్నా కొద్దిగా ఎక్కువ, కింది సాష్‌వి కొద్దిగా తక్కువ ఉండాలి. అప్పుడే పైది పైకి ఆని, కిందిది గడపకు ఆని ఉంటాయి. తులదూగడమంటే ముల్లు నడుమ నిలవడమే అయితే, ఆ మాట మా కిటికీలకు సరిపడదు.
అద్దం మార్చేవారు మరొకటి గమనించాలి. చదరపు మీటరు అద్దం ప్రతి మిల్లీమీటరు మందానికి 2.5 కిలోలు తూగుతుంది. 4 మిల్లీమీటర్ల ఒంటి అద్దం తీసి అదే మందంలో జంట అద్దాలు బిగిస్తే చదరపు మీటరుకు 10 కిలోలున్న బరువు 20 అవుతుంది. పాత గుండ్లు దానికి చాలవు. ఇనుప గుండును పొడవు పెంచితే అది పెట్టె అడుగున తగిలి సాష్‌ను పూర్తిగా లేవనివ్వదు కనుక, అలాంటి చోట్ల సీసపు గుండ్లు వాడతారు.

రాజమహేంద్రవరం నుంచి:
ముల్లు నడుమ నిలవడమే తులదూగడమని నేను అనలేదు. ఆరణ్యపర్వంలో లోమశుడు ధర్మరాజుకు చెప్పే డేగ, పావురం కథను తలుచుకోండి. రాజు తన మాంసం ఎంత కోసి వేసినా పావురమే బరువై, చివరికి ఆయన తానే తుల ఎక్కుతాడు. ఆ ఘట్టాన్ని నన్నయ నడిపిన ప్రసన్నతను ఎన్నిసార్లు చదివినా తనివి తీరదు. అంత దారుణాన్ని ఒక్క మాటైనా అదుపు తప్పకుండా చెప్పడం ఆయనకే చెల్లింది. అక్కడ తూగడమంటే ఎదుటి బరువుకు సాటి రాగలగడం. దీవెనలోనూ అదే అర్థం: ఐశ్వర్యాన్ని ఒక తట్టలో, నిన్ను ఒక తట్టలో పెడితే నువ్వు సాటి రావాలి. ఉయ్యాల అర్థాన్ని నేను ఒప్పుకోలేను.

హైదరాబాదు నుంచి:
‘ఐశ్వర్యాలతో’ అన్న ‘తో’ను మాస్టారు ఎదురుతూకంగా తీసుకున్నారు. ‘కలిగి ఉండి’ అనే అర్థంలోనూ ఆ ‘తో’ వస్తుంది కదా. అప్పుడు తులాభారమూ లేదు, సాటీ లేదు. బెంగళూరు వారి ఉయ్యాలే మిగులుతుంది.

న్యూజెర్సీ నుంచి:
మీ అందరి మాటల వల్ల నా వ్యాసం మెరుగవుతోంది. ఇక్కడి స్ప్రింగు రకాలకు ‘సాటి రావడం’ అన్న అర్థమే దగ్గరగా ఉంది. స్ప్రింగును సాగదీసేకొద్దీ దాని లాగుడు పెరుగుతుంది కానీ సాష్ బరువు మారదు. అందుకే స్పైరల్ రకంలో గొట్టం లోపలి మెలికల కమ్మి మెలిక అంతటా ఒకే తీరున ఉండదు. ఆ తేడాను మెలికే సర్దుతుంది. దాని కొన రంగు బరువు తరగతిని చెబుతుంది, అయితే ఆ రంగుల లెక్క అన్ని తయారీదారులకూ ఒకటి కాదు కనుక రంగు చూసి మాత్రమే కొనవద్దని గట్టిగా రాశాను. గొట్టం వ్యాసం కూడా, అంగుళంలో 3/8 వంతా 5/8 వంతా అన్నది, తప్పక చూడాలి. గిలకలూ తాడూ ఉండే బ్లాక్ అండ్ ట్యాకిల్ రకానికి రేకు మీద కొట్టిన అంకెలే ఆధారం. చుట్టగా ఉండే కాన్‌స్టంట్ ఫోర్స్ స్ప్రింగు మొదటి నుంచి చివరి దాకా దాదాపు ఒకే బలంతో లాగుతుంది. ఏ రకమైనా రెండు వైపులవీ కలిపే మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి అలసినది అయితే సాష్ ఒరిగి పట్టేస్తుంది.
చివరి వాక్యాన్ని ‘సాష్ బరువుకు తూగే జతను ఎంచుకోండి’ అని మార్చాను. పద్యం సంగతి ఎవరికైనా తట్టిందా?

రాజమహేంద్రవరం నుంచి:
‘బరువుకు తూగే’ అన్నచోట ‘కు’ అనే షష్ఠీ విభక్తి నాకు సమ్మతం కాదు, ‘బరువుతో తూగే’ అనాలి.

హైదరాబాదు నుంచి:
‘బరువుతో’ అని రాస్తే, బరువు కలిగి ఊగే జత అని చదివేవారు కూడా ఉంటారు. లండన్ వారి గుండ్లకు ఆ అర్థమే సరిపోతుంది.