ఒడిశాలోని తప్తపాణి వేడినీటి బుగ్గ పక్కనే మా ఇల్లు, ఆ వేడితో ఇల్లు గడుస్తుందా?

దిగపహండి రైతు: కొత్త ఇల్లు కడుతున్నాం. భూమి వేడితో కరెంటు, వేడినీళ్లు, వేసవిలో చల్లదనం సాధ్యమేనా? చేసినవాళ్లు చెప్పండి.

బరంపురం కోడలు: చల్లదనం సంగతి నన్నడగండి. పెరట్లో పదడుగుల లోతున పైపు పరిచి, అందులో చల్లబడిన గాలిని హాల్లోకి తెచ్చాం. రోహిణి కార్తెలో కూడా పంకాతో గడిచిపోయింది. జేసీబీ అతను కరివేపాకు చెట్టు వేళ్లు తెంపేశాడు, అదొక్కటే బాధ.

ఛత్రపురం అమ్మ: మేమూ వేయించాం. వానలు మొదలవగానే గదంతా ముక్కిన వాసన, పిల్లవాడికి ఆయాసం. పైపు నోటికి సిమెంటు పూసేశాం. మేస్త్రీ ఇప్పుడు ఫోను ఎత్తడు.

బోర్ల బాబాయి: వాలు ఇచ్చి ఉండరు. గాలి చల్లబడితే తేమ నీరవుతుంది, అది దిగడానికి చివర గుంత ఉండాలి. ఈ జిల్లాలో నేను దించని బోరు లేదు, నా మాట వినండి.

ఛత్రపురం అమ్మ: వాలూ ఇచ్చారు, గుంతా తీశారు. బోర్లు దించినంత మాత్రాన అన్నీ తెలుస్తాయా? సముద్రపు గాలికి ఆ పద్ధతే పనికిరాదు.

బోర్ల బాబాయి: వానాకాలంలో తెరిచి ఉంచమని ఎవరు చెప్పారమ్మా?

బరంపురం కోడలు: మేం తొలకరికే మూత బిగిస్తాం.

ఛత్రపురం అమ్మ: ఆ ముక్క ముందే చెప్పవలసింది!

రాయగడ ఉద్యోగి: కరెంటు మాట ఎవరూ ఎత్తరేం? మణుగూరు దగ్గర పగిడేరులో సింగరేణి పెట్టిన భూతాప కేంద్రమే 20 కిలోవాట్లు, అదీ ప్రయోగాత్మకంగా. ఇంటికి సౌర పలకలే దిక్కు. 3 కిలోవాట్లకు కేంద్రం 78,000 రూపాయల రాయితీ ఇస్తోంది.

బోర్ల బాబాయి: లోతుకు దిగితే వేడి ఎందుకు దొరకదు? కిలోమీటరుకు పాతిక, ముప్పై డిగ్రీలు పెరుగుతుంది.

రాయగడ ఉద్యోగి: అంటే నీళ్లు మరగాలంటే రెండున్నర కిలోమీటర్లు. ఎవరి డబ్బుతో బాబాయ్?

పాత బరంపురం: తప్తపాణిలో బియ్యం మూట వేస్తే అన్నం అయ్యేదని మా నాన్న చెప్పేవారు.

రాయగడ ఉద్యోగి: అది హిమాచల్‌లోని మణికరణ్ అండీ. తప్తపాణిలో బియ్యం నానతాయి, అంతే.

పాత బరంపురం: మా నాన్న అబద్ధాలకోరనా మీ ఉద్దేశం?

దిగపహండి రైతు: అయ్యా, నా వేడినీళ్ల సంగతి?

బరంపురం కోడలు: ఆ గంధకం నీళ్లకు ఇత్తడి కుళాయిలు నల్లబడతాయి. ఎండతో కాచుకోండి.

దిగపహండి రైతు: సరే. బాబాయ్, మామూలు నీళ్ల బోరుకు అడుగుకు ఎంత తీసుకుంటున్నారు?