ఎంఎస్‌జీ_జీరోకాపీ పెట్టాక సీపీయూ తగ్గాల్సింది పోయి పెరిగింది. పొరపాటు ఎక్కడ?

మారతహళ్ళి_మిడత

వీడియో సెగ్మెంట్లను మెమరీలోనే తయారుచేసి టీసీపీలో పంపే సర్వర్. మెషీన్లు బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో, అందుకునేవి చెన్నై అంబత్తూరులో. 25 గిగాబిట్ నెట్‌వర్క్ కార్డు, డెబియన్ 12, లినక్స్ కెర్నెల్ 6.1, సాకెట్లను కనిపెట్టుకుని ఉండే ఈపోల్ లూప్. పర్ఫ్‌లో (సీపీయూ సమయం ఎక్కడ పోతోందో చూపే టూల్) చూస్తే సీపీయూలో పెద్ద వాటా యూజర్ మెమరీ నుంచి కెర్నెల్‌లోకి కాపీకే పోతోంది. అందుకని సాకెట్ మీద ఎస్‌ఓ_జీరోకాపీ ఆన్ చేసి, ప్రతి సెండ్‌కూ, కాపీ లేకుండా మా మెమరీ నుంచే నేరుగా పంపమని చెప్పే ఎంఎస్‌జీ_జీరోకాపీ ఫ్లాగ్ తగిలించాం.

ల్యాప్‌టాప్‌లో లూప్‌బ్యాక్ (మెషీన్ తనకు తానే పంపుకోవడం) మీద పరీక్షిస్తే పాతదానికన్నా నెమ్మది. సర్వర్ మీద కాసేపు బాగానే నడిచి, లోడ్ పెరగ్గానే సెండ్ ఈఎన్‌ఓబఫ్స్ (బఫర్ చోటు చాలదనే ఎర్రర్) ఇస్తోంది, ఒక కోర్ 100 శాతానికి ఎక్కి దిగడం లేదు. భయపెడుతున్నది మాత్రం ఇంకొకటి: అప్పుడప్పుడూ అవతలి వైపు సెగ్మెంట్ హ్యాష్ కలవడం లేదు. టీసీపీకి చెక్‌సమ్ ఉండగా డేటా ఎలా పాడవుతుంది?

వివరాలు: వీడియో 64 కేబీ ముక్కలు, మధ్యమధ్య 1–2 కేబీ హెడర్లు. సర్వీస్‌కు లాక్డ్ మెమరీ (ర్యామ్‌లో కదలకుండా పట్టి ఉంచే మెమరీ) పరిమితి 8 ఎంబీ, సాకెట్ అదనపు మెమరీ పరిమితి ఆప్ట్‌మెమ్_మ్యాక్స్ 20480 బైట్లు. సెండ్ తిరిగి రాగానే బఫర్‌ను మళ్ళీ వాడుకోవడానికి పూల్‌లో వేసేస్తున్నాం.

కెర్నెల్_కాకి

హ్యాష్ జబ్బు మీ చివరి వాక్యంలోనే ఉంది. మామూలు సెండ్ తిరిగి వచ్చిందంటే కెర్నెల్ తన కాపీ తాను తీసుకున్నట్టు, బఫర్ మీది. ఈ ఫ్లాగ్‌తో అలా కాదు. కెర్నెల్ మీ మెమరీ పేజీలను పిన్ చేసి (కదలకుండా పట్టి ఉంచి), వాటి చిరునామాలను ప్యాకెట్‌కు తగిలిస్తుంది, అంతే. కార్డు ఆ పేజీలను డీఎంఏతో (సీపీయూ ప్రమేయం లేకుండా నేరుగా) చదివేది తర్వాతెప్పుడో. ప్యాకెట్ పోతే మళ్ళీ అదే పేజీ నుంచి చదువుతుంది. అంటే అవతలి నుంచి ఏసీకే (అందిందనే రసీదు) వచ్చేదాకా ఆ బఫర్‌లో మీరు చెయ్యి పెట్టకూడదు. ఈలోగా పూల్ దాన్ని ఇంకో సెగ్మెంట్‌కి ఇచ్చేస్తే కొత్త బైట్లే తీగ మీదికి వెళ్తాయి. చెక్‌సమ్ వేసేది కార్డే, అదీ పంపే క్షణాన. మారిపోయిన డేటాకే సరైన చెక్‌సమ్ పడుతుంది కాబట్టి టీసీపీకి అనుమానం రాదు.

బఫర్ ఎప్పుడు ఖాళీ అయిందో చెప్పేది సాకెట్ ఎర్రర్ క్యూ. ఎంఎస్‌జీ_ఎర్రర్‌క్యూ ఫ్లాగ్‌తో రెక్వ్‌మెసేజ్ పిలవండి. వచ్చే నిర్మాణంలో ఈఈ_ఎర్ర్‌నో 0, ఈఈ_ఆరిజిన్ ఎస్‌ఓ_ఈఈ_ఆరిజిన్_జీరోకాపీ ఉండాలి. ఈఈ_ఇన్ఫో నుంచి ఈఈ_డేటా వరకూ, రెండు చివర్లూ కలుపుకుని, అన్ని సెండ్‌లు పూర్తయినట్టు. ఒక్కో సెండ్‌కూ ఒక్కో నోటిఫికేషన్ వస్తుందని అనుకోకండి, కెర్నెల్ వాటిని కలిపేస్తుంది.

ఆ సంఖ్య సాకెట్‌కు విడిగా 0 నుంచి మొదలయ్యే 32 బిట్ల లెక్క. ఫ్లాగ్‌తో విజయవంతమైన ప్రతి సెండ్‌కూ ఒకటి పెరుగుతుంది, 64 కేబీ అడిగితే 20 కేబీయే వెళ్ళినా సరే ఒకటే. సెండ్ విఫలమైనా, ఫ్లాగ్ లేకుండా పంపినా పెరగదు. చాలామంది కోడ్ ఇక్కడే బోల్తా పడుతుంది. ఈఎన్‌ఓబఫ్స్ వచ్చినప్పుడు ఫ్లాగ్ తీసేసి పంపుతారు, కానీ తమ లెక్కను మాత్రం పెంచేస్తారు. ఆ తర్వాత ప్రతి నోటిఫికేషన్‌కూ పక్క బఫరే విడుదలవుతూ ఉంటుంది.

100 శాతం కోర్ సంగతి. ఎర్రర్ క్యూలో ఏదైనా ఉంటే ఈపోల్ నుంచి ఈపోల్‌ఎర్ర్ ఈవెంట్ వస్తుంది, మీరు అడిగినా అడగకపోయినా. లెవెల్ ట్రిగ్గర్‌లో (పని మిగిలి ఉన్నంతసేపూ ఈవెంట్ వస్తూనే ఉండే పద్ధతి) ఉండి ఆ క్యూ చదవకపోతే ఈపోల్_వెయిట్ నిద్రపోకుండా గిరగిరా తిరుగుతుంది. ఇంకో సంగతి కూడా చూసుకోండి: ఈపోల్‌ఎర్ర్ అంటే కనెక్షన్ పోయిందని సాకెట్ మూసేసే కోడ్ మీ లూప్‌లో ఎక్కడైనా ఉందా?

పెరంబూర్_పాకెట్

ఈఎన్‌ఓబఫ్స్ లెక్క వేసి చూపిస్తాను. బెంగళూరు, చెన్నై మధ్య సుమారు 350 కిలోమీటర్లు అనుకుందాం. ఫైబర్‌లో వెలుగు సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, రానుపోను కనీసం 3.5 మిల్లీసెకన్లు. కేబుల్ దారి తిన్నగా ఉండదు, మధ్యలో రౌటర్లుంటాయి, 7 అనుకోండి. మీ పింగ్ ఎంత చూపిస్తే అది వేసుకోండి. 25 గిగాబిట్ అంటే సెకనుకు 3.125 జీబీ. 7 మిల్లీసెకన్లకు దాదాపు 22 ఎంబీ ఏసీకే కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. సాకెట్ క్యూలో ఇంకా బయల్దేరనివీ పిన్ అయ్యే ఉంటాయి. మీ పరిమితి 8 ఎంబీ, అదీ సాకెట్‌కు కాదు, యూజర్ మొత్తానికి. లోడ్ పెరిగితే నిండకేం చేస్తుంది? సిస్టమ్‌డీ యూనిట్‌లో (సర్వీస్ సెట్టింగ్స్ ఫైల్) లిమిట్‌మెమ్‌లాక్ 256 ఎంబీ పెట్టండి. క్యాప్_ఐపీసీ_లాక్ అనే అనుమతి ఇస్తే ఈ తనిఖీయే ఉండదు గానీ, పరిమితి పెంచడమే మర్యాద.

ఆప్ట్‌మెమ్_మ్యాక్స్ వేరే గేటు, అది సాకెట్‌కు. పెండింగ్‌లో ఉన్న ఒక్కో నోటిఫికేషన్ దాన్నుంచి కొన్ని వందల బైట్లు తింటుంది, 20480 అయితే కొన్ని పదులకే అయిపోతుంది. సిస్‌కంట్రోల్‌లో నెట్.కోర్.ఆప్ట్‌మెమ్_మ్యాక్స్‌ను 131072 చేయండి. రెండూ పెంచినా ఈఎన్‌ఓబఫ్స్ రాదని హామీ లేదు. వస్తే ముందు ఎర్రర్ క్యూ ఖాళీ చేయండి, మళ్ళీ ప్రయత్నించండి, అప్పటికీ రాకపోతే ఆ ఒక్క సెండ్‌కి ఫ్లాగ్ తీసేయండి.

1–2 కేబీ హెడర్లకు ఫ్లాగ్ అసలు వద్దు. పేజీ పిన్ చేయడం, లెక్క రాసుకోవడం, నోటిఫికేషన్ చదవడం, వీటన్నిటి ఖర్చుకన్నా 2 కేబీ కాపీ చవక. సుమారు 10 కేబీ దాటితేనే లాభమని కెర్నెల్ డాక్యుమెంటేషనే చెబుతుంది. హెడర్‌ను ఎంఎస్‌జీ_మోర్‌తో (వెనకే ఇంకా ఉందని చెప్పే ఫ్లాగ్) మామూలుగా పంపి, వెనకే 64 కేబీని జీరోకాపీతో పంపండి.

ల్యాప్‌టాప్ పరీక్ష చెల్లదు. లూప్‌బ్యాక్‌లో పంపినవాడి పేజీలను అందుకునేవాడి క్యూలో ఎంతసేపైనా ఉండనివ్వలేరు కాబట్టి కెర్నెల్ అక్కడ కాపీ చేసేస్తుంది. పిన్ ఖర్చూ పడింది, కాపీ ఖర్చూ పడింది. ఒకే మెషీన్‌లో రెండు కంటైనర్ల మధ్య వెత్ (వర్చువల్ కార్డుల జత) మీదా ఇంతే. కార్డు మీద కొలిచేటప్పుడు టీసీపీడంప్ (ప్యాకెట్లను పట్టి చూపే టూల్) నడుస్తుంటే అదీ కాపీ చేయిస్తుంది. డీబగ్ కోసం పెట్టి మరిచిపోయిన టీసీపీడంప్ ఒక్కటి చాలు మీ బెంచ్‌మార్క్‌ను గంగలో కలపడానికి. పర్ఫ్ టాప్‌లో ఎస్‌కేబీ_కాపీ_యూబఫ్స్ పైకి తేలుతుంటే ఈ బాపతే. నోటిఫికేషన్‌లో ఈఈ_కోడ్ 1 ఉన్నా అర్థం అదే: పంపాను, కానీ కాపీ చేశాను అని. అలా వచ్చిన సాకెట్‌కు ఫ్లాగ్ ఆపేయడం మేలు.

ఈథ్‌టూల్‌లో (కార్డు సెట్టింగులు చూపే టూల్) స్కాటర్-గ్యాదర్ (విడివిడి ముక్కలను కార్డే ఏరి పంపడం), ట్రాన్స్‌మిట్ చెక్‌సమ్ రెండూ ఆన్‌లో ఉన్నాయో లేదో కూడా చూడండి. చెక్‌సమ్ కార్డు వేయకపోతే సీపీయూ ప్రతి బైటూ ముట్టుకోవాల్సిందే, ఇక జీరోకాపీకి అర్థమేముంది.

తాంబరం_టీసీపీ

ఒకే సెగ్మెంట్ వందమందికి వెళ్తుంటే ఈ గొడవంతా ఎందుకండీ? మెమ్‌ఎఫ్‌డీ_క్రియేట్‌తో సెగ్మెంట్‌కొక ఫైల్ మెమరీలో తెరిచి, అందులో రాసి, అందరికీ సెండ్‌ఫైల్ (ఫైల్‌ను నేరుగా సాకెట్‌కు పంపే కాల్) చేయండి. పేజీలు పేజ్ క్యాష్‌లోనివి. మెమ్‌లాక్ లెక్క లేదు, నోటిఫికేషన్ లేదు, టీసీపీడంప్ భయం లేదు. పని అయ్యాక ఎఫ్‌డీ (ఫైల్ డిస్క్రిప్టర్) మూసేయండి. ఇంకా ప్రయాణంలో ఉన్న పేజీలకు ప్యాకెట్ల రిఫరెన్స్ ఉంటుంది, అవి అయ్యాకే విడుదలవుతాయి.

కెర్నెల్_కాకి

తాంబరం గారి దారి బాగుంది, ఒక్క షరతు మీద: ఒకసారి రాసిన మెమ్‌ఎఫ్‌డీలో మళ్ళీ రాయకూడదు. సెండ్‌ఫైల్ తిరిగి వచ్చినా అవతలివాడు చదివేదాకా ఆ పేజీ మారకూడదని మ్యాన్ పేజీలోనే ఉంది. ఇక్కడ మీకు చెప్పే ఎర్రర్ క్యూ కూడా ఉండదు. పూల్ పద్ధతిలో మెమ్‌ఎఫ్‌డీలు తిరిగి వాడారంటే హ్యాష్ కథ మొదటికొస్తుంది. ఎఫ్_సీల్_రైట్ అనే సీల్ వేసేస్తే పొరపాటున రాయబోయినా ఈపర్మ్ ఎర్రర్ వస్తుంది. కాకపోతే రాయడానికి వీలైన ఎమ్‌మ్యాప్ (ఫైల్‌ను ప్రోగ్రామ్ మెమరీలోకి తగిలించుకోవడం) ఉండగా ఆ సీల్ పడదు, ఈబిజీ ఎర్రర్ ఇస్తుంది. ముందు మున్‌మ్యాప్, తర్వాత సీల్.

మారతహళ్ళి_మిడత

మా సెగ్మెంట్లలో సగం ఒక్కొక్కరికి విడిగా తయారయ్యేవి, వాటికి ఫ్లాగే ఉంచుతాను. అందరికీ వెళ్ళేవి మెమ్‌ఎఫ్‌డీకి మారుస్తాను. కెర్నెల్ 6.1 కదా, ఐఓ_యూరింగ్ (పనులు క్యూలో ఇచ్చి, ఫలితాలు తర్వాత తీసుకునే ఏపీఐ) సెండ్_జెడ్‌సీకి మారితే ఈ ఎర్రర్ క్యూ చదివే పని తప్పుతుందా?

పెరంబూర్_పాకెట్

తప్పుతుంది, 6.0 నుంచే ఉంది. ఒక్కో పంపకానికి మామూలుగా రెండు కంప్లీషన్లు వస్తాయి. మొదటిదాంట్లో ఎన్ని బైట్లు వెళ్ళాయో ఉంటుంది, దాని మీద ఎఫ్_మోర్ గుర్తు ఉంటే ఇంకోటి రాబోతోందని. రెండోది ఎఫ్_నోటిఫ్ గుర్తుతో వస్తుంది, బఫర్ పూల్‌కి వెళ్ళాల్సింది అప్పుడు. మొదటిది చూసి విడుదల చేశారంటే ఇప్పుడున్న బగ్గే కొత్త ఏపీఐలో. బఫర్లను ముందే రిజిస్టర్ చేసి ఫిక్స్‌డ్_బఫ్‌తో పంపితే ప్రతిసారీ పిన్ చేసే ఖర్చు కూడా పోతుంది, అసలు లాభం అక్కడే. మెమ్‌లాక్ మాత్రం రిజిస్టర్ చేసేటప్పుడే మొత్తం పూల్ సైజుకు పడుతుంది, కాబట్టి ఆ 8 ఎంబీ ఎలాగూ పెంచాల్సిందే.