చిన్న సెన్సర్ మిర్రర్‌లెస్ కెమెరా తీసుకోవాలా వద్దా, రాత్రి నుంచి తేలట్లేదు

చెరువుగట్టు:
రాత్రి తొమ్మిదికి కూర్చున్నానండి, ఇప్పుడు రెండయింది, ఇంకా తేలలేదు. చిన్న సెన్సర్ (లోపల బొమ్మ పడే చిప్) ఉన్న మిర్రర్‌లెస్ కెమెరా ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో వచ్చింది. బండి డిక్కీలో పట్టేస్తుంది, దానికే మనసు పడ్డాను. ఓనరు రెండు రోజులు వాడి చూడమని ఇచ్చాడు. తీసినవి కంప్యూటర్‌లో వేసి చూస్తే ఒకటే చుక్కలు, పైగా అలుక్కుపోయి ఉన్నాయి. వీడియోలు పెడితే ఒకాయన సెన్సర్ చిన్నదైతే డబ్బులు దండగ అంటాడు, ఇంకొకాయన మనకి ఇంతకంటే ఎందుకు అంటాడు. మెనూలో ఉన్నవన్నీ మార్చి చూశాను, ఏమీ మారలేదు. రేపు సాయంత్రానికి ఆయనకి ఏదో ఒకటి చెప్పాలి. తీసుకోనా, వదిలేయనా?

రావులపాలెం రోడ్డు:
మోడల్? లెన్స్? బడ్జెట్?

కొబ్బరాకు:
ఏం తీస్తారో కూడా చెప్పలేదండి. చిన్న సెన్సర్ అంటే ఎంత చిన్నది? అంగుళం సెన్సర్‌తో లెన్సులు మార్చుకునే నికాన్ 1 అయితే మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. అది 2011లో వచ్చింది, 2018లో ఆపేశారు. బాడీ చవగ్గా దొరుకుతుంది, నిజమే, కానీ ఆ తర్వాత కొత్త లెన్సులు రావు, ఉన్నవాటి కోసం వెతుక్కోవాలి. మైక్రో ఫోర్ థర్డ్స్ అనే రకం అయితే ఆ బాధ లేదు. 2008లో ఒలింపస్, పానసోనిక్ కలిసి మొదలుపెట్టారు, ఒకరి బాడీకి ఇంకొకరి లెన్స్ పడుతుంది, పాత లెన్సులు బోలెడు తిరుగుతున్నాయి.

లంకల మాస్టారు:
ఈ "అంగుళం సెన్సర్" అనే మాట దగ్గరే జనం మోసపోతున్నారు. అంగుళం అంటే 25.4 మి.మీ. కదా? ఆ సెన్సర్ 13.2 × 8.8 మి.మీ. మాత్రమే, మూల నుంచి మూలకి కొలిస్తే 16 మి.మీ. కూడా పూర్తిగా ఉండదు. అంగుళం ఎక్కడి నుంచి వచ్చిందంటే, పాతకాలం టీవీ కెమెరాల్లో గాజు గొట్టాలు ఉండేవి, ఆ గొట్టం బయటి వ్యాసం అంగుళం అయితే లోపల బొమ్మ పడే చోటు దాదాపు 16 మి.మీ. ఉండేది. గొట్టాలు పోయినా లెక్క మిగిలింది. ఫోర్ థర్డ్స్ కూడా అంతే, 4/3 అంగుళం గొట్టం లెక్క. అసలు సెన్సర్ 17.3 × 13 మి.మీ. అందుకే నేను ఎవరికైనా చెప్పేది, అంగుళాలు పక్కన పెట్టి మిల్లీమీటర్లలో మాట్లాడండి అని.

రావులపాలెం రోడ్డు:
ఆయన కొనాలా వద్దా అని అడిగారు మాస్టారూ.

లంకల మాస్టారు:
ఏం కొంటున్నారో తెలియకుండా కొనాలా వద్దా ఎలా చెప్తాం బాబూ? ఫుల్ ఫ్రేమ్, అంటే పాత ఫిల్మ్ సైజు సెన్సర్, 864 చదరపు మి.మీ., ఫోర్ థర్డ్స్ 225, ఆ అంగుళంది 116. వీటిలో రెండోదాన్నీ మూడోదాన్నీ కలిపి "చిన్న సెన్సర్" అనేస్తే సగానికి సగం తేడా కొట్టుకుపోతుంది.

చెరువుగట్టు:
క్షమించండి, రాత్రి చిరాకులో రాశాను. మైక్రో ఫోర్ థర్డ్స్ అండి, దాంతో వచ్చిన 14-42 మి.మీ. లెన్స్. నాకు రొయ్యల చెరువులున్నాయి, పొద్దున్నే గట్టు మీద తిరుగుతాను. కొంగలు, నీటికాకులు, లకుముకి పిట్టలు ఎన్ని వస్తాయో చెప్పలేను, వాటి కోసమే. ఆ ఫొటోలు మాత్రం నిన్న సాయంత్రం నర్సాపురం వెళ్తూ సఖినేటిపల్లి రేవులో పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) కోసం ఆగినప్పుడు తీసినవి. ఇంకో మాట, మా బావ పాత డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే పెద్ద కెమెరా) ఊరికే ఇస్తానంటున్నాడు, 18-55 లెన్స్‌తో.

గౌతమి పాయ:
ఇవన్నీ మొదటే రాసుంటే రాత్రి నిద్రపోయేవారు తమ్ముడూ. సూర్యుడు మునిగాక తీశారా? ఒక ఫొటో తెరిచి దాని వివరాల్లో ఐఎస్ఓ (వెలుగుని ఎంత పెంచి చూపించిందో ఆ అంకె) ఎంత, షట్టర్ (ఎంతసేపు తెరుచుకుందో) ఎంత ఉందో చూసి చెప్పు. బొమ్మలో కదలని వస్తువేదైనా ఉంటే దాన్ని పెద్దది చేసి చూడు.

చెరువుగట్టు:
మునిగి అరగంట అయ్యుంటుంది అక్కా. ఐఎస్ఓ 6400, షట్టర్ 1/30 సెకను, లెన్స్ కన్నం ఎఫ్ 5.6. మీరన్నట్టు పెద్దది చేసి చూశాను. రేవులో గుంజకి కట్టిన పడవ తాడు పోగులతో సహా కనిపిస్తోంది. దాని పక్క నుంచే ఎగిరిన కొంగకి మాత్రం రెక్కలే లేవు, తెల్లటి పొగలా ఉంది. ఈ బాడీలో స్టెబిలైజేషన్ ఉందన్నారే, మరి ఎందుకిలా?

గౌతమి పాయ:
తాడే చెప్పేసింది. స్టెబిలైజేషన్ నీ చేతి వణుకుని ఆపుతుంది, కొంగని ఆపదు. ఎగిరే పిట్టకి 1/1000 అయినా కావాలి, నీది 1/30. కాబట్టి ఆ అలుకుడికి సెన్సర్‌తో సంబంధం లేదు. చుక్కలంటావా, చీకట్లో 6400కి వెళ్తే చుక్కలు రాక మానవు, అందులో సెన్సర్ వాటా కొంత ఉంది, అబద్ధం చెప్పను. కానీ బావగారి కెమెరా ఏపీఎస్-సీ (ఫుల్ ఫ్రేమ్‌కీ దీనికీ మధ్య సైజు) అయ్యుంటుంది, దాని సెన్సర్ దీనికంటే ఒకటిన్నర రెట్లు పైచిలుకు, స్టాపుల్లో (ఒక స్టాపు అంటే రెట్టింపు వెలుగు) మూడింట రెండొంతుల తేడా. అదే సాయంత్రం అదే రేవులో దాంతో తీసినా కొంగ పొగే అయ్యేది.

అసలు లోటు లెన్స్‌లో ఉంది. లెన్స్ మి.మీ. అంకె పెరిగే కొద్దీ దూరంది దగ్గరగా కనిపిస్తుంది. 42 మి.మీ.తో గాని, బావగారి 55తో గాని చెరువు అవతలి గట్టున ఉన్న లకుముకి పిట్ట నలుసంతే పడుతుంది. మైక్రో ఫోర్ థర్డ్స్‌కి ఒలింపస్ 75-300 ఉంది, 423 గ్రాములు, ఫుల్ ఫ్రేమ్‌లో 600 మి.మీ. చూపినంత దగ్గరగా చూపిస్తుంది. నికాన్ 200-500 ఒక్క లెన్సే 2300 గ్రాములు. అది మెడలో వేసుకుని నువ్వు గట్టు మీద ఎన్ని రోజులు తిరుగుతావు? కోరింగ మడ అడవుల్లో చెక్కబాట మీద అంత బరువుతో నడిచి చూశాను, గంట తర్వాత పిట్ట కనిపించినా కెమెరా ఎత్తబుద్ధి కాలేదు. చిన్న సెన్సర్ ఇచ్చే లాభం ఇదే, నాకైతే చాలా పెద్ద లాభం. మరి నష్టమేంటంటే 300 దగ్గర అది ఎఫ్ 6.7, ఆ అంకె పెరిగే కొద్దీ లోపలికి వచ్చే వెలుగు తగ్గుతుంది. తెల్లారగట్ల మసకలో పనికిరాదు. ఎండ బాగా పరుచుకున్నాక 1/1000 పెట్టినా ఐఎస్ఓ 400 లోపే సరిపోతుంది, అప్పుడు రెక్కల మీద ఈకలు లెక్కపెట్టుకోవచ్చు.

కొబ్బరాకు:
ఆ 600 మాట జాగ్రత్తగా వాడండి అక్కా. 300 లెన్స్ 300గానే ఉంటుంది, సెన్సర్ చిన్నది కాబట్టి బొమ్మ అంచులు కోసుకుపోతాయి, అంతే. ఆ లెక్కన ఎఫ్ 6.7ని కూడా రెండుతో గుణించి 13.4 అనాలి.

లంకల మాస్టారు:
అలా అనకూడదు. ఎక్స్‌పోజర్‌కి 6.7 అంటే 6.7నే, షట్టర్ మారదు. వెనక మసక ఎంత వస్తుందో పోల్చేటప్పుడు మాత్రం గుణించాలి.

కొబ్బరాకు:
మొత్తం సెన్సర్ మీద పడే వెలుగు మాటేమిటండి? చుక్కలు వచ్చేది దాన్నిబట్టే కదా?

లంకల మాస్టారు:
అది వేరే లెక్క. రెండూ కలిపి చెప్తే కొత్తవాళ్లు తికమక పడతారు.

కొబ్బరాకు:
కలపకుండా చెప్తే సగం నిజమే చెప్పినట్టు.

పాత నెగెటివ్:
మీరు ఎఫ్‌ల దగ్గర ఉండండి, నేను ఫంగస్ గురించి చెప్తాను. ముప్ఫై ఏళ్లు స్టూడియో నడిపాను, మన వైపు సెన్సర్ చిన్నదై పోయిన కెమెరా ఒక్కటీ చూడలేదు, ఫంగస్ పట్టి పోయిన లెన్సులు మాత్రం బుట్టల కొద్దీ చూశాను. చుట్టూ కాలవలు, చెరువులు, సముద్రపు గాలి. తోలు సంచిలో పెట్టి బీరువాలో దాస్తారు, వానాకాలం వెళ్లాక తీస్తే లోపల సాలెగూడు. పాత లెన్స్ కొనేటప్పుడు చీకటి గదిలోకి తీసుకెళ్లండి, రెండు మూతలూ తీసి, ఒక వైపు నుంచి సెల్ టార్చ్ వేసి రెండో వైపు నుంచి ఏటవాలుగా చూడండి. దుమ్ము ఉంటే పర్వాలేదు. సన్నటి దారాలు కొమ్మలు వేసినట్టు కనిపిస్తే ఎంత చవగ్గా ఇచ్చినా ముట్టుకోవద్దు. ఇంటికొచ్చాక గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటరు. 40 నుంచి 50 శాతం మధ్య ఉంచండి. బియ్యంలో పెట్టమని ఎవరైనా చెప్తే వినకండి, ఆ పిండి దుమ్ము ఇంకా చేటు.

రావులపాలెం రోడ్డు:
ఆ బాడీకి వ్యూఫైండర్ (కన్ను ఆనించి చూసే కిటికీ) ఉందా? లేకపోతే వదిలెయ్. ఎండలో గట్టు మీద స్క్రీన్ కనపడదు.

గౌతమి పాయ:
ఇది ముఖ్యమైన మాట, నేనే మర్చిపోయాను. పొడుగు లెన్స్‌ని కంటికి ఆనించి పట్టుకుంటేనే నిలుస్తుంది.

చెరువుగట్టు:
నాలుగు రోజులైంది, రాయడం కుదరలేదు, చెరువులో రొయ్యల పట్టుబడిలో ఉన్నాం. వ్యూఫైండర్ ఉందండి, బాడీ తీసుకున్నాను. టార్చ్ వేస్తే 14-42లో అంచున దారాలు కనిపించాయి, దాన్ని ఆయనకే ఇచ్చేసి ఆ మేరకు తగ్గించుకున్నాను. 75-300 ఒకటి భీమవరంలో ఉందట, ఆదివారం వెళ్లి చూస్తా. అందరికీ థాంక్సండి.

కొబ్బరాకు:
మాస్టారూ, ఆ వెలుగు లెక్క మీరు ఇంకా ఒప్పుకోలేదు.

పాలకొల్లు కాలవ:
పెద్దాయన చెప్పినట్టు ఇప్పుడే టార్చ్ వేసి చూశాను, నా 45 మి.మీ. లెన్స్‌లో కూడా దారాలున్నాయి. విప్పి తుడిపించొచ్చా, లేక గాజు మీద మచ్చ ఉండిపోతుందా? మన దగ్గర ఎవరు చేస్తారు?